కుర్చీ దిగని స్టెర్గియోస్

ఏమన్నావ్? తినడానికి ఏమేం ఉన్నాయని అడిగావా వాణ్ణి? అయ్యయ్యో, మెల్లిగా అబ్బాయ్, పక్క బల్లవాళ్ళు వినలేదు కదా? మీ ఏథెన్సులో ఎలాగో నాకు తెలీదు. అక్కడ పళ్ళెంలో ఏం రాబోతోందో ముందే చదువుకుని తింటారట, పరీక్షకి కూర్చున్నట్టు. ఇది వోలోస్ రేవు నాయనా. ఇక్కడ నిన్ను అడిగేది ఒక్కటే ప్రశ్న. సోంపు వేసిందా, వెయ్యనిదా? నువ్వు ఏదో ఒకటి అంటావు. చిట్టి సీసాలో త్సీపురో, మా ద్రాక్షసారా, వస్తుంది, దాని వెనకాలే నంజుకోవడానికి ఒక పళ్ళెం వస్తుంది. అందులో ఏముంటుందో వంటింటి ఇష్టం. ఇంకో సీసా అన్నావంటే ఇంకో పళ్ళెం. నువ్వు లేచేలోపు వచ్చిన పళ్ళెం మళ్ళీ రాకూడదు, అదొక్కటే కట్టుబాటు. నవ్వకు. నా మనవరాలిని చేసుకోబోతున్నావు గనక చెబుతున్నాను, ఈ కట్టుబాటు మూలాన ఒక మనిషి ముప్పై ఏళ్ళు కుర్చీ దిగలేదు. ఎక్కడో కాదు, అదుగో, ఆ స్తంభం పక్కన. పేరు స్టెర్గియోస్. వినలేదూ? ఈ పిల్ల చెప్పలేదూ నీకు? ప్రేమించుకున్నాం ప్రేమించుకున్నాం అంటారు, మరి ఇన్నాళ్ళూ ఏం మాట్లాడుకున్నారో.

పడవ చెక్కల సందుల్లో నార కుక్కి తారు పూసే పని ఆయనది. తారు వాసన ఎంతంటే, ఆయన వీధి మలుపు తిరక్కముందే కుక్కలు తుమ్మేవి. మనిషి మాత్రం పూచికపుల్ల. గాలి గట్టిగా వీస్తే చొక్కా ముందు వెళ్ళిపోయేది, ఆయన దాన్ని వెతుక్కుంటూ వెనకాల వెళ్ళేవాడు. కానీ తిండో! కూర్చున్నాడంటే మూడు ఊళ్ళ పెళ్ళిభోజనం ఆ పొట్టలోకి పోయి, ఎక్కడ దాక్కునేదో తెలిసేది కాదు. రోజూ మధ్యాహ్నం మా కొట్టుకే వచ్చేవాడు. మా కొట్టంటే ఇదే, అప్పట్లో మా వదిన పొలిక్సేని కొట్టు. నా మొగుడు అనెస్టిస్‌కి అక్క. వంట ఆవిడది, పళ్ళేలు మోసేది మా ఆయన, ఉల్లిపాయలు తరిగి ఏడ్చేది నేను. సముద్రానికి ఆ ఒడ్డున, తుర్కీలో, స్మిర్నా ఊరు తగలబడ్డప్పుడు వీళ్ళు పడవెక్కి వచ్చేస్తూ రెండే రెండు తెచ్చుకున్నారు, ఒక ఇనప మూకుడు, మా వదిన నోరు. రెండూ ఎప్పుడూ కాగుతూనే ఉండేవి. అయితే ఆవిడ ఎన్నడూ వంటింట్లోంచి ఇవతలికి వచ్చేది కాదు. గోడలో ఇంత కిటికీ ఉండేది. అందులోంచి పళ్ళెం వచ్చేది, పళ్ళెం వెనక చెయ్యి, మోచేతి దాకా. అంతే. మోచేతి దగ్గర నూనె చిందిన మచ్చ, పొద్దుతిరుగుడు గింజంత. స్టెర్గియోస్ ఏళ్ళ తరబడి ఆ కిటికీకి ఎదురుగా కూర్చుని ఆ మోచేతిని ప్రేమించాడు. నిజం! మనుషులు కళ్ళని చూసి పడతారు, నడక చూసి పడతారు. ఈయన మోచేతిని చూసి పడ్డాడు. పండక్కి ఆ చేతికి గాజు వేసుకుందని ఒకసారి రెండు సీసాలు ఎక్కువ తాగాడు.

ఆఁ, ఇది తిను, కొండ చిగుళ్ళ ఊరగాయ. మా పెలియోన్ కొండ మీదే దొరుకుతుంది, ఇంకెక్కడా దొరకదు. దొరుకుతుందని ఎవరైనా అంటే వాళ్ళతో సంబంధం తెంచేసుకో. ఇంకో మాట, రేపు మీరిద్దరూ ఒంటరిగా తిరిగితే ఆ దీపస్తంభం వైపు చివరి కొట్టుకి మాత్రం వెళ్ళకండి. వాడి త్సీపురో తాగితే దాహం వేస్తుంది, అన్ని నీళ్ళు కలుపుతాడు. బొగ్గుల మీద కాల్చిన ఆక్టోపస్ కావాలంటే చేపల బజారు వెనక గుడ్డి కోస్తాస్ దగ్గరికి వెళ్ళు. గుడ్డివాడేం కాదు, బాకీదార్లని చూడనట్టు నటిస్తాడని ఆ పేరు. ఎక్కడున్నాను? ఆఁ, పాంతెలీస్. ఇంకా రాలేదూ వాడు కథలోకి? ఇప్పుడొస్తాడు.

పాంతెలీస్‌ది మా పక్క కొట్టు. అంత పొడుగు మీసమున్న మనిషిని నేను మళ్ళీ చూళ్ళేదు. ఒక కొస వాడి కొట్లో ఉంటే రెండో కొస మా కొట్లో ఉండేది, మా వదిన ఏం వండుతోందో వాసన పట్టడానికి. ఒకనాడు మా మామగారి సంవత్సరీకమని కొట్టు కట్టేశాం. స్టెర్గియోస్ దారి తప్పిన మేకలా రేవంతా తిరిగి తిరిగి, ఆఖరికి పాంతెలీస్ కొట్లో కూలబడ్డాడు. మొదటి సీసాకి వేయించిన కవళ్ళ చేపలు వచ్చాయి. రెండో దానికి ఏదో వచ్చింది. మూడో సీసాకి మళ్ళీ కవళ్ళే, పైన కాస్త కొత్తిమీర కప్పుకుని. స్టెర్గియోస్ ఊరుకున్నాడా? “ఇదేంటి పాంతెలీస్, వీటిని ఇందాకే పలకరించాను కదా, మళ్ళీ వచ్చాయేం? ఏమైనా మరిచిపోయి వెళ్ళాయా?” అన్నాడు, రేవు అవతలి ఒడ్డుకి వినపడేలా. జనం గొల్లుమన్నారు. పాంతెలీస్‌కి మీసం కొసల దాకా మండింది. “ఎవడి మూకుడైనా ఒకటే స్టెర్గియోస్! పొలిక్సేని దగ్గర మాత్రం తిరిగి రావేంటి? అది రాకముందే నువ్వు లేచిపోతున్నావు గనక నీకు తెలీట్లేదు” అన్నాడు. “ఆవిడ చేతిలోంచి ఒకసారి వచ్చింది మళ్ళీ రాదు” అన్నాడు ఈయన. “అయితే కూర్చో. పళ్ళెం తిరిగొచ్చిందా, ఆవిడ కొట్టు మూసెయ్యాలి. దానికి ముందే నువ్వు కుర్చీలోంచి లేచావా, ఇక బతికినన్నాళ్ళూ ఆవిడ గడప తొక్కకూడదు, నా కొట్లోనే తాగాలి, నా కవళ్ళే తినాలి.” ఈ తారు బుర్ర మనిషి ఏం చేశాడనుకున్నావ్? అరచేతిలో ఉమ్మి, చెయ్యి కలిపేశాడు! కొట్టు ఎవరిది? మాది. పందెం ఎవరిది? ఆయనది. చూశావా మగాళ్ళ తెలివి. నిన్ను కాదులే, నువ్వు తిను.

మర్నాడు కిటికీ దగ్గర నిలబడి, టోపీ పిండేస్తూ చెప్పాడు, “పొలిక్సేనిగారూ, నోరు జారాను” అని. లోపల కత్తి చప్పుడు ఆగింది. మా ఆయన అనెస్టిస్ మొహం పిండిముద్దలా తెల్లబోయింది. పిల్లల్ని ఎలా పోషించాలి, ఆ ఒడ్డు నుంచి వచ్చినవాళ్ళం మాకింకో కొట్టు ఎవరిస్తారు? పోనీ పందెం కాదందామంటే, పళ్ళెం తిరిగొస్తుందని మా నోటితో మేమే ఒప్పుకున్నట్టు. ఒప్పుకున్నాక ఈ రేవులో మా కొట్లో ఈగ కూడా వాలదు. లోపల్నించి వినిపించింది వదిన గొంతు. “శనివారం మధ్యాహ్నం రమ్మను. వదులు పంట్లాం వేసుకుని రమ్మను.”

ఆ శనివారం వోలోస్‌లో పెళ్ళిళ్ళు వాయిదా పడ్డాయి. స్మశానానికి బయల్దేరిన ఒకాయన కూడా లేచి కూర్చుని, ముందు ఇటు తీసుకెళ్ళండి అన్నాడని చెప్పుకుంటారు, అది నేను చూడలేదు గనక ఒట్టు వెయ్యను. స్టెర్గియోస్ స్తంభం పక్క కుర్చీలో కూర్చున్నాడు. ఎదురుగా పాంతెలీస్, చేతిలో ఫోర్కు, వచ్చిన ప్రతి పళ్ళాన్నీ పొడిచి చూడ్డానికి. మొదటి సీసాకి ఆల్చిప్పలు వచ్చాయి, నోళ్ళు తెరిచి ఆవిరి కక్కుతూ, పక్కన నిమ్మకాయ బద్ద. తర్వాత వేయించిన నెత్తళ్ళ చేపలు. తర్వాత పీత, తర్వాత మేకజున్ను కుక్కిన మిరపకాయలు, తర్వాత పొగబెట్టిన వంకాయ, తర్వాత కొండ సాసేజీ. అలా వస్తూనే ఉన్నాయి. సాయంత్రానికి పాంతెలీస్ ఒకసారి ఎగిరి గంతేశాడు, “నెత్తళ్ళు! మళ్ళీ నెత్తళ్ళు!” అని. “ఇందాకవి వేయించినవి, ఇవి ద్రాక్షాకులో చుట్టి కాల్చినవి” అని కొందరు, “నీ పెళ్ళాం తల దువ్వుకుంటే ఇంకొకడి పెళ్ళాం అయిపోతుందా, మరి నెత్తళ్ళు వేషం మారిస్తే వేరేవైపోతాయా?” అని ఇంకొందరు, గొడవకి దిగారు జనం. ఎవడు ఏ వైపు మాట్లాడుతున్నాడో వాడికే తెలీదు. చివరికి పాతకాలపు పడవ సరంగు ఒకాయన తేల్చాడు, వండే తీరు మారితే పళ్ళెం మారినట్టేనని. అదే వండి అదే పెడితేనే ఓటమి.

అప్పటికే వంటింట్లో సరుకు నిండుకుంది. నేను దొడ్డిదోవన ఊరి మీద పడ్డాను. ఆ వీధి ఆడవాళ్ళు ఎంత మంచివాళ్ళనుకున్నావు! మొగుళ్ళ ముందున్న పళ్ళేలు లాగేసి, వాటిలో ఉన్నవి ఒళ్ళో వేసుకుని పరిగెత్తుకొచ్చారు. మొగుళ్ళు చెంచాలు గాల్లో పట్టుకుని అలాగే ఉండిపోయారు, ఒకాయన్ని మర్నాడు కూడా అలాగే చూశాను. పడవలవాళ్ళు చీకటి పడకుండానే వలలు వేసి, పేర్లు లేని చేపల్ని తెచ్చారు. మా వదిన గుమ్మడిపూలు వేయించింది, నత్తలు ఉడికించింది, పుచ్చకాయ తొక్కల్ని ఉప్పులో ఊరేసి పంపింది. రాళ్ళకి అతుక్కుని బతికే సముద్రపు ముళ్ళకాయలు చీల్చి పంపింది. ఒక పళ్ళెంలో మూడే మూడు బాదంపప్పులు, వాటి కింద పొగ, అంతే. పాంతెలీస్ ఫోర్కుతో పొగని పొడిచి చూశాడు. రేవులో పిల్లులన్నీ మూటాముల్లే సర్దుకుని కొండెక్కాయి, తమ వంతు వస్తుందేమోనని.

తాగింది తలకెక్కలేదా అంటావా? లోపలంతా తారు పూసిన మనిషాయె, ఎక్కడ ఇంకుతుంది? ఆయన మీద వాలిన ఈగలు మాత్రం తూలుకుంటూ వెళ్ళేవి. రెండు ఓడలు వచ్చి, సరుకు దించుకుని పోయాయి. ఆయన కదల్లేదు. ఏంటి? అదెలా... అంతసేపు కూర్చుంటే మరి అదెలా అంటావా? పెళ్ళి కావలసినవాడివి, ఇలాంటివి నన్నడుగుతావా? పెద్ద పూలకుండీ ఒకటి ఉండేది బల్ల కింద. అంతే చెబుతాను. ఆ చెట్టు మళ్ళీ పూయలేదు.

ఆదివారం గుడి గంటలు మోగుతున్నాయి. నేను ఉల్లిపాయల బస్తా మీద తలవాల్చాను, కళ్ళు మూతలు పడుతున్నాయి. మా ఆయన నిలబడే గురక పెడుతున్నాడు. అప్పుడే పాంతెలీస్ పెళ్ళాం వీధిలోంచి కేకేసింది, “మీ అమ్మ గుడికి తయారై గంటయింది, తీసుకెళ్తావా, నన్నే మొయ్యమంటావా!” అని. వాడు ఫోర్కు పట్టుకునే గుమ్మందాకా వెళ్ళాడు. జనం కూడా అటే చూశారు, వాడి పెళ్ళాం తిట్లు వినడం ఊళ్ళో అందరికీ ఇష్టం. సరిగ్గా అప్పుడు కిటికీలోంచి చెయ్యి వచ్చింది. నిద్రలో నడుస్తున్నట్టు మా ఆయన పళ్ళెం అందుకుని స్టెర్గియోస్ ముందు పెట్టాడు.

ఆల్చిప్పలు. నోళ్ళు తెరిచి, ఆవిరి కక్కుతూ, పక్కన నిమ్మకాయ బద్ద. మొదటి పళ్ళెం ఎలా వచ్చిందో అచ్చు అలాగే.

స్టెర్గియోస్ పళ్ళాన్ని చూశాడు. కిటికీని చూశాడు. మోచెయ్యి ఇంకా అక్కడే ఉంది, కదలట్లేదు. ఒక్క మాట అంటే చాలు, “పళ్ళెం తిరిగొచ్చింది” అని. పందెం ముగుస్తుంది, ఆయన లేచి హాయిగా ఇంటికెళ్ళి పడుకోవచ్చు. కాని మా కొట్టు పోతుంది. అనకుండా తిందామా, తిన్నా చిప్పలు మిగుల్తాయి కదా, పాంతెలీస్ వచ్చి చూస్తాడు. జేబులో వేసుకుందామా, వదులు పంట్లానికి జేబులు లేవు. ఏం చేశాడో తెలుసా? తినేశాడు. చిప్పలతో సహా! నమ్మవూ? నా చెవులతో విన్నాను, ఆ చప్పుడుకే మెలకువ వచ్చింది నాకు. రాళ్ళ మర తిరిగినట్టు, బండి చక్రం గులకరాళ్ళ మీద పోయినట్టు. పాంతెలీస్ వెనక్కి తిరిగి పరిగెత్తుకొచ్చాడు. “ఏంటది? ఏంటా కరకర?” “రొట్టె,” అన్నాడు స్టెర్గియోస్, నోటినిండా. “గట్టిగా కాల్చిన రొట్టె.” “పెదవి మీద ఆ ఎరుపేంటి?” “మిరప్పొడి.” “కళ్ళలో ఆ నీళ్ళేంటి?” “చెప్పాను కదరా, మిరప్పొడి!” పళ్ళెంలో నిమ్మకాయ బద్ద ఒక్కటే ఉంది. పాంతెలీస్ దాన్నే అటూ ఇటూ తిప్పి చూశాడు, వాసన చూశాడు, మీసంతో తడిమాడు. అందులో ఏముంది చూడ్డానికి?

ఆ పళ్ళెం లోపలికి వచ్చింది. మా వదిన చేతిలోకి తీసుకుంది. “చిప్పలేవి?” అంది తమ్ముణ్ణి. “ఏ చిప్పలు?” అన్నాడు మా ఆయన, ఇంకా నిద్రలోనే. ఆవిడ పళ్ళెం వంక అలాగే చూసింది, ఎంతసేపు చూసిందో, పొయ్యి మీద నూనె పొగలు కక్కడం మొదలెట్టింది. ఆ మూకుడు మాడనివ్వడం ఆవిడ జన్మలో అదొక్కసారే. తర్వాత ఏప్రాన్ విప్పి నా మీద పడేసి, తలుపు తీసుకుని హాల్లోకి నడిచింది.

అబ్బాయ్, ఊరు ఊరంతా నోరు తెరిచింది. మోచేతికి పైన ఇంత మనిషి ఉందని ఎవరికి తెలుసు? “ఓహో, పొట్టిదే” అన్నాడొకడు. స్టెర్గియోస్ ఆవిడ మొహం చూశాడు. చూసి ఏం చేశాడంటావ్? ఆడమనిషి ఎదురుగా వస్తే మర్యాదకి లేచి నిలబడేలా పెంచారు మా రేవు అమ్మలు వాళ్ళ కొడుకుల్ని. కత్తి మెడ మీద పెట్టినా లేస్తారు. ఆయన కూడా టోపీ తీసి, బల్ల మీద చేతులానించి లేవబోయాడు! అంతసేపు కూర్చోవడం, చిప్పలు నమలడం, అన్నీ గంగలో కలిసేవే. పాంతెలీస్ అప్పుడే “లే... లే... లేస్తున్నా...” అని మొదలెట్టాడు. మా వదిన ఒక్క అంగలో వచ్చి భుజం మీద చెయ్యివేసి అదిమింది, కుర్చీ కాళ్ళు నేలలోకి వేలెడు దిగాయి. “కూర్చో, గాడిదా!” అంది. వాళ్ళ మధ్య మొదటి ప్రేమమాట అదే.

తర్వాత అందరి వైపూ తిరిగింది. “సరుకు అయిపోయింది. వంటిల్లు ఈ పూటకి కట్టేస్తున్నాను. పాంతెలీస్, నువ్వు చూస్తుండగా ఏ పళ్ళెమైనా తిరిగొచ్చిందా?” “లేదు, కాని...” “ఈయన లేచాడా?” “లేవలేదు, కాని ఇప్పుడు లేవాలిగా! కొట్టు మూస్తే ఇంటికి పోవద్దూ?” “ఎందుకు లేవాలి? అనెస్టిస్, ఇంకో ముగ్గుర్ని పిలు. కుర్చీతో సహా మోసుకెళ్ళి వాళ్ళింట్లో దించండి. రేపు మధ్యాహ్నం కుర్చీతో సహా తీసుకురండి.” పాంతెలీస్ మీసం రెండు కొసలూ ఒకేసారి కిందికి వాలాయి. అవి మళ్ళీ లేవలేదు, ఆ మీసంతోనే పోయాడు పాపం.

అలా ఆ కూర్చోవడం ముగియనే లేదు. ముగియలేదంటే మరి కట్టుబాటు కూడా ముగియలేదు కదా, ఆయనకి పెట్టిన పళ్ళెం మళ్ళీ పెట్టకూడదు! ముప్పై ఏళ్ళు రోజూ కొత్తది కనిపెట్టింది మా వదిన. ఆఖర్లో ఆఖర్లో ఉడకబెట్టిన బంగాళాదుంపకి ఇవాళ ఒక మిరియం, రేపు రెండు మిరియాలు. పనికి కూడా కుర్చీలోనే, తాళ్ళు కట్టి పడవ పక్కన దింపేవాళ్ళు, అలాగే తారు పూసేవాడు. పెళ్ళి కూడా అలాగే. గుళ్ళో బల్ల చుట్టూ మూడుసార్లు తిరగాలి కదా, కిరీటాలు పెట్టుకుని, నలుగురు హమాలీలు కుర్చీ ఎత్తుకుని తిరిగారు. మూడో చుట్టులో ఒకడి కాలు జారి, పెళ్ళికొడుకు పాదిరిగారి ఒళ్ళో పడబోయాడు, కుర్చీతో సహా. ఇంట్లోనైనా లేచేవాడా అంటావా? తలుపు గడియ పెట్టాక సంగతి నాకేం తెలుసు? ముగ్గురు పిల్లలు పుట్టారు. అంతవరకే నాకు తెలుసు.

ఆయన మాత్రం, వచ్చినవాడికల్లా చెప్పేవాడు. పాంతెలీస్ దూరంగా ఉన్నప్పుడు గొంతు తగ్గించి, “ఆ రోజు ఆవిడ నిద్రమత్తులో పొరబాటు పడింది, నేను చిప్పలు నమిలి ఈ కొట్టు నిలబెట్టాను” అని. చెప్పినప్పుడల్లా చిప్పలు పెద్దవయ్యేవి. పోయే ముందు రోజు వాటి సైజు బండిచక్రమంత. చెప్పి, నోరు తెరిచి విరిగిన పన్ను చూపించి, నవ్వేవాడు. పోయినప్పుడు కూడా ఆ కుర్చీలోనే...

ఆయన పోయిన నలభయ్యో రోజు నాడు, గుళ్ళో గోధుమ ప్రసాదం పంచి వచ్చాం. నేనూ వదినా వంటింట్లో పళ్ళేలు కడుగుతున్నాం. నాకెందుకో ఆగలేదు. “వదినా, ఆ ఆదివారం నువ్వు ఆల్చిప్పలు ముందే పంపావన్న సంగతి ఎలా మరిచిపోయావు?” అన్నాను. “థోమాయీ, నేను పళ్ళెం మరిచిపోవడం నువ్వెప్పుడైనా చూశావా?” అంది. నా చేతిలో గిన్నె జారిపోయింది. “అంటే కావాలనే పంపావా? ఆయన నోరు విప్పితే? కొట్టు పోతే? మేమందరం వీధిలో పడితే?” “పడేవాళ్ళం” అంది. “మరి?” “మరేంటి? అంత తింటున్నాడు, తిండి కోసం కూర్చున్నాడో నా కోసం కూర్చున్నాడో నాకెలా తెలుస్తుంది?” “ఇదంతా ఆయనకి చెప్పావా ఎప్పుడైనా?” “ఎందుకు చెప్పడం? తనే నిలబెట్టాననుకుని రోజూ ఎంత మురిసిపోయేవాడు,” అంది. అని, కడిగిన పళ్ళాన్నే మళ్ళీ కడిగింది...

...

ఆఁ? నా కళ్ళా? ఏం లేదు. సోంపు ఘాటు, అంతే. అదేంటి, ఆ రొయ్యల తలకాయలన్నీ పళ్ళెం అంచుకి నెట్టేస్తున్నావేం? తల పీల్చడం రాని పిల్లాడికా మా పిల్లనిచ్చేది? ఇలా తే, ఇటు చూడు, రెండు వేళ్ళతో పట్టుకో.